పాలు తాగుతూ నిద్రపోయే బిడ్డ: ఒక నర్సమ్మ అనుభవ పాఠాలు

గోదావరి లంక గ్రామాల్లో ఏఎన్‌ఎమ్‌గా పనిచేసి, రిటైరయ్యాక మనవల్ని, మనవరాళ్ళని ఒళ్ళో పెట్టుకుని పెంచినదాన్ని. బాలింతలు నన్ను ఎక్కువగా అడిగింది ఒకటే: "నర్సమ్మగారూ, రొమ్ము అందుకోగానే నిద్రపోతుందండీ. మంచం మీద వేయగానే లేస్తుందండీ. ఏం చేయమంటారు?" ఆ మాట వెనక భయం ఉంటుంది. పక్కింటావిడేమో ఒళ్ళో పడుకోవడం అలవాటు చేశావు, ఇక నీకు తెరిపి ఉండదు అంటుంది. ఫోన్లో చూసిన వీడియో అసలు పాలు తాగుతూ నిద్రపోనివ్వకూడదంటుంది. అందరి మాటా విన్న తల్లి, తానేదో తప్పు చేస్తున్నానని లోలోపల కుమిలిపోతుంది.

తప్పేమీ లేదు తల్లీ. చూసుకోవలసిందల్లా ఒక్కటే. బిడ్డ కడుపునిండా తాగి నిద్రపోయిందా, తాగకుండానే అలసి నిద్రపోయిందా? ఈ రెండింటికీ తేడా పట్టుకోగలిగితే సగం దిగులు పోతుంది. నాకు తెలిసినంతవరకు ఆ తేడా ఎలా పట్టుకోవాలో, పగటి నిద్రలు ఎలా నడుస్తాయో వరసగా చెబుతాను.

1. రొమ్ము దగ్గర నిద్ర రావడం సహజం

చీకుతున్నప్పుడు బిడ్డ పొట్టలో కోలిసిస్టోకైనిన్ అనే హార్మోను విడుదలవుతుంది. కడుపు నిండిందన్న తృప్తినీ, మత్తునీ తెచ్చేది అదే. తల్లి ఒంట్లోనూ అదే సమయంలో పాలు చేపడానికి కావలసిన ఆక్సిటోసిన్ ఊరుతుంది, మనసు నెమ్మదిస్తుంది. పాలిస్తూ తల్లికి కళ్ళు మూతలు పడేది అందుకే. పైగా రాత్రి ఊరే పాలలో నిద్ర తెప్పించే మెలటోనిన్ ఉంటుంది, పగటి పాలలో అది దాదాపు ఉండదు. పుట్టిన బిడ్డకు సొంతంగా రాత్రీ పగలూ తెలియడానికి రెండు మూడు నెలలు పడుతుంది, అంతవరకు తల్లి పాలే కొంత ఆనవాలు అందిస్తాయి. ఇంత ఏర్పాటు ఉండగా, పాలు తాగుతూ నిద్రపోవడాన్ని చెడ్డ అలవాటు అనడం సరికాదు.

2. మొదటి రెండు వారాలు మాత్రం బిడ్డ నిద్రను గుడ్డిగా నమ్మకండి

"మా బిడ్డ చాలా బుద్ధిమంతురాలు, నాలుగైదు గంటలు కదలకుండా పడుకుంటుంది" అని వారం బిడ్డ గురించి ఎవరైనా మురిసిపోతూ చెబితే నేను వెంటనే గుడ్డలు ఎన్ని తడుస్తున్నాయో అడిగేదాన్ని. అప్పుడే పుట్టిన బిడ్డ రోజుకు ఎనిమిది నుంచి పన్నెండు సార్లు తాగాలి. పుట్టిన మొదటి రోజుల్లో కొంత బరువు తగ్గడం మామూలే, కానీ పది శాతం దాటకూడదు. రెండు వారాలకల్లా పుట్టిన బరువుకు తిరిగి రావాలి. అలా వచ్చేవరకు, అడగకపోయినా సరే, మూడు గంటలు దాటకుండా లేపి పాలివ్వాలి.

నెలలు నిండకుండా పుట్టిన బిడ్డ, రెండున్నర కిలోల కంటే తక్కువ ఉన్న బిడ్డ, కామెర్లున్న బిడ్డ ఆకలికి ఏడవకపోవచ్చు. వాళ్ళకు ఏడ్చే ఓపికే ఉండదు. తాగక నీరసం, నీరసంతో మళ్ళీ నిద్ర, నిద్రవల్ల మళ్ళీ తాగకపోవడం, ఇలా చుట్టూ తిరుగుతుంది. పచ్చదనం అరచేతులకూ అరికాళ్ళకూ దిగినా, ఎంత లేపినా రొమ్ము అందుకోకపోయినా, ఒళ్ళు కాలుతున్నా చల్లబడినా, ఊపిరి తీసేటప్పుడు డొక్కలు ఎగరేస్తున్నా ఇంటి వైద్యాలు చూస్తూ కూర్చోకండి. ఆ పూటే ఆసుపత్రికి తీసుకెళ్ళండి.

3. గుటక వినడం నేర్చుకోండి

రొమ్ము నోట్లో ఉన్నంతసేపూ బిడ్డ తాగుతున్నట్టు కాదు. ఒకసారి ఫ్యాను ఆపి, టీవీ ఆపి, బిడ్డ గడ్డం మీదే చూపు నిలపండి. మొదట గబగబా చీకుతుంది, పాలు చేపడానికి పిలుపు అది. పాలు చేపుకు రాగానే చీకడం నెమ్మదిస్తుంది. గడ్డం బాగా కిందికి దిగుతుంది, ఒక్క క్షణం ఆగుతుంది, ఆ తరవాత గొంతులో చిన్న గుటక వినిపిస్తుంది. ఒకటి రెండు చీకులకు ఒక గుటక పడుతుంటే బిడ్డ తాగుతోందని అర్థం. కాసేపటికి గడ్డం అంతగా దిగదు, పెదాలు మాత్రం వణికినట్టు కదులుతాయి, గుటక వినిపించదు. అది ఉత్త చప్పరింత.

చేతులు కూడా చూడండి. ఆకలితో ఉన్న బిడ్డ పిడికిళ్ళు బిగించి దవడల దగ్గర పెట్టుకుంటుంది. కడుపు నిండేకొద్దీ వేళ్ళు ఒక్కొక్కటే విచ్చుకుంటాయి, చెయ్యి జారి పక్కకు పడుతుంది. పిడికిలి విప్పకుండానే కళ్ళు మూసిందంటే ఇంకా ఆకలి తీరలేదేమోనని అనుమానించాలి.

లెక్క కావాలంటే, అయిదారు రోజుల నుంచి రోజుకు ఆరుసార్లయినా మూత్రం పోయాలి, అది లేత రంగులో ఉండాలి. విరేచనం నలుపు తగ్గి పసుపు రంగుకు రావాలి. డైపరు వాడితే ఎన్నిసార్లు పోసిందో తెలియదు కాబట్టి మొదటి వారాల్లో పగలు గుడ్డలే వేయడం మేలు. ఆ తరవాత మూడు నెలల వరకు బిడ్డ రోజుకు ఇరవై నుంచి ముప్పై గ్రాములు పెరగాలి. అంగన్‌వాడీలో తూకం వేయించి, మీకిచ్చిన తల్లీబిడ్డల కార్డులో గీత పైకి వెళుతోందో లేదో చూసుకోండి. గీత పైకి వెళుతుంటే బిడ్డ రొమ్ము దగ్గర ఎంత నిద్రపోయినా భయం లేదు.

4. తాగకుండా జోగే బిడ్డను లేపాలంటే

బుగ్గ గిల్లడం, మొహం మీద నీళ్ళు చల్లడం వద్దు. పొత్తిళ్ళు విప్పేయండి. వెచ్చగా చుట్టి ఉంచిన బిడ్డ తాగదు, పడుకుంటుంది. ఒంటి మీద చొక్కా కూడా తీసి, తల్లి గుండెకు నేరుగా ఆనేట్టు పెట్టుకోండి. అరికాలు నిమరండి, వీపు మీద వేళ్ళతో పైకీ కిందికీ రాయండి, గుడ్డ మార్చండి. గుటకలు ఆగి చప్పరింత మొదలుకాగానే రొమ్మును అరచేత్తో మెల్లగా నొక్కి పట్టుకుంటే పాల ధార పెరిగి, బిడ్డ మళ్ళీ మింగడం మొదలుపెడుతుంది. అలా నొక్కినా గుటకలు ఆగాక రెండో వైపు మార్చండి. తొందరపడి ముందే మార్చకండి. రొమ్ము ఖాళీ అయ్యేకొద్దీ పాలలో వెన్న శాతం పెరుగుతుంది, ఆ చిక్కటి పాలే బిడ్డను ఎక్కువసేపు నిలబెడతాయి.

బిడ్డను ఒంటికి ఆనించుకోవడం ఇప్పుడు పెద్దాసుపత్రుల్లో కంగారూ పద్ధతిగా నేర్పుతున్నారు. 1978లో కొలంబియా దేశంలోని బొగోటాలో డాక్టర్ ఎడ్గార్ రే దాన్ని మొదలుపెట్టారు. ఇంక్యుబేటర్లు చాలని ఆసుపత్రిలో, తక్కువ బరువు పిల్లల్ని తల్లుల గుండెల మీద ఉంచి కాపాడారు. అలా ఉన్న బిడ్డ రొమ్మును త్వరగా వెతుక్కుంటుంది.

5. కదిలే నిద్ర వేరు, కదలని నిద్ర వేరు

ఒళ్ళో నిద్రపోయిన బిడ్డ మంచం తాకగానే ఎందుకు లేస్తుందో తెలుసుకుంటే కోపం రాదు. పసిబిడ్డ నిద్రలో దాదాపు సగం కలత నిద్రే. కనురెప్పల కింద గుడ్లు కదులుతాయి, పెదాలు నవ్వుతాయి, వేళ్ళు అదురుతాయి. నిద్రలో నవ్వే బిడ్డను దేవుళ్ళు ఆడిస్తున్నారని మన పెద్దవాళ్ళు అనేది ఈ వేళలోనే. యూజీన్ ఆసెరిన్‌స్కీ, నథానియేల్ క్లైట్‌మన్ అనే ఇద్దరు చికాగో పరిశోధకులు నిద్రలో కనుగుడ్లు వేగంగా కదిలే ఈ దశను 1953లో ప్రకటించారు.

పెద్దవాళ్ళం మొదట గాఢనిద్రలోకి జారుతాం. పసిబిడ్డ మొదట కలత నిద్రలోకి వెళ్ళి, ఓ పావుగంట ఇరవై నిమిషాలకు గానీ గాఢనిద్రలోకి దిగదు. కళ్ళు మూయగానే దింపితే లేచేది అందుకే. బిడ్డ చెయ్యి పైకెత్తి వదలండి. వాలిపోయి పడితే, ఊపిరి ఒకే తీరున నడుస్తుంటే, అప్పుడు దింపండి. ముందు పిర్రలు, తరవాత వీపు, ఆఖరున తల ఆనించండి. మీ చెయ్యి వెంటనే లాగేయకుండా బిడ్డ గుండె మీద కాసేపు ఉంచండి. మధ్యలో మూలిగినా, కదిలినా ఉరికి ఎత్తుకోకండి. ఓ నిమిషం చూడండి. చాలాసార్లు మళ్ళీ తనంతట తానే సర్దుకుంటుంది.

తేన్పు తీయించకుండా పడుకోబెట్టడానికి భయపడే అమ్మమ్మలకు ఒక మాట. రొమ్ము తాగి హాయిగా పడుకున్న బిడ్డను తేన్పు కోసం లేపనక్కర్లేదు. చండీగఢ్‌లో చేసిన ఒక అధ్యయనంలో తేన్పు తీయించినందువల్ల ఏడుపు తగ్గలేదని, పాలు కక్కడమూ తగ్గలేదని తేలింది. బాగా కక్కే బిడ్డనయితే కాసేపు నిటారుగా భుజాన వేసుకుంటే చాలు.

6. పగలు పగలులా, రాత్రి రాత్రిలా ఉండనివ్వండి

పురిటి గది తలుపులు మూసి, చీకట్లో ఉంచి, ఇంటిల్లిపాదీ గుసగుసలాడితే బిడ్డకు పగలు ఎప్పుడో తెలియదు. పగటి నిద్ర వెలుతురున్న గదిలోనే పోనివ్వండి. గిన్నెల చప్పుడూ, మాటలూ ఉండనివ్వండి. పాలిస్తూ కబుర్లు చెప్పండి. రాత్రి మాత్రం చిన్న దీపం, తక్కువ మాట, తాగించి పడుకోబెట్టడం, అంతే. పిండిన పాలు దాచేవాళ్ళు సీసా మీద వేళ రాసి, రాత్రి పాలు రాత్రికి, పగటి పాలు పగటికి వాడితే మంచిది.

7. స్నానం తరవాత నిద్రను సద్వినియోగం చేసుకోండి

మన ఇళ్ళలో బిడ్డకు గాఢంగా పట్టే పగటి నిద్ర ఒకటుంది. నూనె రాసి, కాళ్ళ మీద పడుకోబెట్టుకుని, నలుగుపెట్టి నీళ్ళు పోశాక వచ్చే నిద్ర అది. ఆకలితో గుక్కపట్టిన బిడ్డకు నీళ్ళు పోయకండి, కడుపు నిండిన మరుక్షణం కూడా పోయకండి. స్నానం, తడి తుడవడం, వెంటనే రొమ్ము, ఆ రొమ్ము దగ్గరే నిద్ర, ఈ వరస కుదిరిందంటే రెండు గంటలు తిరుగుండదు. ఆ రెండు గంటలు బట్టలుతకడానికి కాదు, తల్లి కూడా నడుం వాల్చడానికి. ముక్కులో చెవుల్లో నూనె చుక్కలు వేయకండి. సాంబ్రాణి పొగ బిడ్డ ఊపిరికి మంచిది కాదు, జుట్టు ఆరడానికి మెత్తటి గుడ్డ చాలు.

8. ఎన్ని నిద్రలు అన్నదానికి గడియారం కంటే బిడ్డ మొహం నమ్మకం

మొదటి మూడు నెలలు రోజు మొత్తం మీద పద్నాలుగు నుంచి పదిహేడు గంటలు, నాలుగో నెల నుంచి ఏడాదిలోపు పన్నెండు నుంచి పదహారు గంటలు నిద్ర ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. పగటి కునుకులు కూడా అందులోనివే. నెల బిడ్డ గంట మెలకువగా ఉంటే గొప్ప. ఆరు నెలల బిడ్డ రెండు మూడు గంటలు ఆడుకుంటుంది, పగలు రెండు మూడు కునుకులు తీస్తుంది. ఏడాది దాటాక ఏడాదిన్నరలోపు ఒక్క మధ్యాహ్నం నిద్రకు వస్తుంది. అరగంటకే లేచే బిడ్డలూ ఉంటారు. లేచాక నవ్వుతూ ఆడుకుంటే ఆ అరగంటా చాలినట్టే.

చూపు తిప్పేసుకోవడం, చెవి లాక్కోవడం, కళ్ళు నలుపుకోవడం, కనుబొమల దగ్గర ఎర్రబడటం, ఇవి నిద్ర గుర్తులు. అప్పుడే ఒళ్ళోకి తీసుకోవాలి. ఆ వేళ దాటిపోతే ఒళ్ళు అలసి, ఏడుపు ఎత్తి, రొమ్ము ఇచ్చినా వదిలేసి విరుచుకుపడుతుంది.

నాలుగో నెల దాటాక ఇంకో మార్పు వస్తుంది. ఎవరు గదిలోకి వచ్చినా రొమ్ము వదిలి తల తిప్పి చూస్తుంది. పగలు సరిగ్గా తాగక రాత్రి తాగుతుంది. పాలు తగ్గిపోయాయని అనుకోకండి. జనం లేని చోట కూర్చుని, కునుకు నుంచి లేస్తూ ఇంకా మత్తుగా ఉన్నప్పుడే ఇవ్వండి, బాగా తాగుతుంది.

9. ఎలా నిద్రపోయిందన్న దానికంటే ఎక్కడ పడుకుందన్నది ముఖ్యం

వెల్లకిలా పడుకోబెట్టాలి. పరుపు గట్టిగా, చదునుగా ఉండాలి. తలకింద దిండు వద్దు, తల గుండ్రంగా రావాలని పెట్టే ఆవాల దిండూ వద్దు. మొహం దగ్గర దుప్పట్లు, బొమ్మలు ఉండకూడదు. తల ఒకవైపే నొక్కుకోకుండా ఉండటానికి మెలకువలో, మన కళ్ళముందు బోర్లా వేసి ఆడించండి.

చీర ఊయల మన ఇంటి గుర్తే, నేనూ ఊపాను. కానీ అందులో చిన్నబిడ్డ మెడ వంగి గడ్డం గుండెకు ఆనుతుంది. అప్పుడు ఊపిరికి దారి మూసుకుపోతుంది. కాసేపు ఊపి, కునుకు పట్టాక చదునైన పడకకు మార్చండి. ఎవరూ లేనప్పుడు ఊయలలో వదలకండి, అన్నయ్యలకూ అక్కయ్యలకూ ఊపే పని అప్పగించకండి. బోర్లాపడటం వచ్చిన బిడ్డకు ఊయల మానేయండి.

సిజేరియన్ అయిన తల్లులకు పక్కకు తిరిగి పడుకుని పాలివ్వడం ఎంతో హాయి. అలా ఇచ్చేటప్పుడు గట్టి పరుపు మీద, గోడకూ మంచానికీ సందు లేకుండా చూసుకోండి. సోఫాలో కూర్చుని బిడ్డతోపాటు నిద్రలోకి జారడం అన్నిటికంటే ప్రమాదం. పొగ తాగేవాళ్ళ పక్కన, మద్యం తాగినవాళ్ళ పక్కన బిడ్డను పడుకోబెట్టకండి.

అమెరికాకు పురుడు పోయడానికి వెళ్ళే అమ్మమ్మలకు, నాయనమ్మలకు ఈ పాఠం మరీ చెబుతాను. అక్కడి డాక్టర్లు తల్లిదండ్రుల గదిలోనే, వేరే తొట్టిలో, వెల్లకిలా పడుకోబెట్టమంటారు. ఆ మాట వినండి. ఒళ్ళో జోకొట్టడం మీ వంతు, పడక విషయం వాళ్ళ వంతు. రెండింటికీ తగువు లేదు.

10. నిద్ర కోసం నోట్లో ఏమీ వేయకండి

పూర్వం కొన్నిచోట్ల పొలం పనులకు పోయే తల్లులు బిడ్డ పగలంతా కదలకుండా పడుకోవాలని నల్లమందు నాకించేవాళ్ళు. ఎన్ని ప్రాణాల మీదికి తెచ్చారో! ఇప్పుడు నల్లమందు పోయి దాని చోట దగ్గు మందులు, బ్రాందీ చుక్కలు వచ్చాయి. అవీ ఊపిరి ఆపగలవు. వసకొమ్ము అరగదీసి పోయడం, గ్రైప్ వాటరు, పంచదార నీళ్ళు ఏవీ వద్దు. తేనెలో బొట్యులిజం అనే జబ్బు తెచ్చే సూక్ష్మజీవి ఉండవచ్చు కాబట్టి ఏడాది నిండేదాకా నాలుకకు తేనె తగలనివ్వకండి. ఆరు నెలలు తల్లిపాలు చాలు, మండు వేసవిలోనైనా మంచినీళ్ళు కూడా అక్కర్లేదు.

11. అమ్మ దగ్గర ఒక తీరు, అమ్మమ్మ దగ్గర ఒక తీరు

ఉద్యోగానికి వెళ్ళే తల్లుల భయం ఇదే: రొమ్ము లేకపోతే నిద్రపోదు కదా, నేను వెళితే ఎలా? 2017లో చట్టం మార్చాక మొదటి ఇద్దరు పిల్లలకు ఇరవై ఆరు వారాల ప్రసూతి సెలవు వస్తోంది. కూలి పనులకు వెళ్ళే తల్లికి అదీ లేదు. ఎవరైనా ఒకరోజు గడప దాటక తప్పదు.

బిడ్డలు తెలివైనవాళ్ళు. ఏ మనిషి దగ్గర ఏం దొరుకుతుందో వాళ్ళకు తొందరగా తెలిసిపోతుంది. తల్లి వాసన తగిలితే రొమ్ము వెతుక్కునే మనవరాలే, నా భుజాన వేసుకుని వసారాలో ఒకే అడుగున నడుస్తూ, పిర్రల మీద మెల్లగా తడుతూ పాట ఎత్తుకుంటే, చెంప నా మెడకు ఆనించి నిద్రపోయేది. మొదట్లో కొంత ఏడుస్తారు. ఎత్తుకునే మనిషి విసుక్కోకుండా రోజూ ఒకే తీరున చేస్తే కుదురుకుంటారు. అందుకని తల్లి ఉద్యోగంలో చేరడానికి ముందే కొన్ని వారాలపాటు రోజుకు ఒక నిద్ర తండ్రి చేతుల్లోనో అమ్మమ్మ చేతుల్లోనో పోనివ్వండి.

పిండిన పాలు సీసాతో కాకుండా శుభ్రమైన ఉగ్గుగిన్నెతో పట్టండి. గది చల్లగా ఉంటే నాలుగు గంటలు, ఫ్రిజ్‌లో నాలుగు రోజులు నిలవ ఉంటాయి. మన ఎండాకాలంలో పిండిన వెంటనే ఫ్రిజ్‌లో పెట్టండి. తల్లి ఇంట్లో లేని పగలు కొందరు బిడ్డలు ఎక్కువ పడుకుని, సాయంత్రం తల్లి వచ్చాక రాత్రంతా తాగుతారు. అది మొండితనం కాదు, పోయిన పాలు తిరిగి రాబట్టుకోవడం.

12. మార్చాలనుకుంటే నెమ్మదిగా మార్చండి

పాలు తాగుతూ నిద్రపోవడం మీకు కష్టం కాకపోతే మార్చనక్కర్లేదు. పెద్దయ్యేకొద్దీ ఎప్పటికో ఒకప్పటికి అందరూ మానేస్తారు. పళ్ళు వచ్చిన బిడ్డకు పడుకునే ముందు తడిగుడ్డతో పళ్ళు తుడవడం మాత్రం మరవకండి.

మీ ఒళ్ళు తట్టుకోవడం లేదనుకుంటే, ఆరు నెలలు దాటాక మొదలుపెట్టండి. కునుకుకు ముందు ఇచ్చే పాలను, కునుకు నుంచి లేచాక ఇచ్చే వేళకు జరపండి. గుటకలు ఆగి చప్పరింతలోకి దిగగానే చిటికెన వేలు నోటి మూలగా పెట్టి మెల్లగా రొమ్ము విడిపించండి. వెతుక్కుంటే మళ్ళీ ఇవ్వండి, మళ్ళీ విడిపించండి. రోజులో ఒక్క నిద్రతో మొదలుపెట్టండి, పొద్దున్న మొదటి కునుకయితే తేలిక. జ్వరం ఉన్నప్పుడు, పళ్ళు వస్తున్నప్పుడు, ఊరు మారినప్పుడు ఈ పని పెట్టుకోకండి. ఏడుస్తున్న పసిబిడ్డను గదిలో ఒంటరిగా వదిలేసి నిద్ర నేర్పించమంటే మాత్రం నేను ఒప్పుకోను.

13. తల్లి నిద్ర కూడా లెక్కలోకి రావాలి

బిడ్డ నిద్ర గురించి పదిమంది అడుగుతారు, తల్లి పడుకుందా అని అడిగేవాళ్ళు తక్కువ. రొమ్ము దగ్గర బిడ్డ గంటసేపు ఉందంటే ఆ గంట ఇంటి పని ఎవరో ఒకరు అందుకోవాలి. భర్త గుడ్డలు ఉతకాలి, అత్తగారు అన్నం వేడిగా పెట్టి మంచినీళ్ళ చెంబు చేతికందేలా పెట్టాలి. చూడవచ్చిన చుట్టాలు బిడ్డను లేపి ఆడించకుండా వెళ్ళాలి. రెండు వారాలు దాటినా తల్లి ఊరికే ఏడుస్తుంటే, బిడ్డ పడుకున్నా తనకు నిద్ర పట్టకపోతే దాన్ని బాలింత నీరసమని వదిలేయకండి, డాక్టరుకు చూపించండి.

ఒళ్ళో నిద్రపోతున్న బిడ్డను చూసి ఇంకెవరూ తల్లిని నిందించకండి. గుటకలు పడుతున్నాయా, గుడ్డలు తడుస్తున్నాయా, కార్డులో గీత పైకి వెళుతోందా, ఈ మూడూ చూడండి. మూడూ సరిగ్గా ఉన్నాయా? అయితే ఆ తల్లి చేయవలసిన పని సరిగ్గా చేస్తోంది. మిగతా ఇంటి పని మీరు అందుకోండి.